ఫోన్‌లో ఉరుకుతది, ల్యాప్‌టాప్‌లో కుంటుతది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకటే గోల, ల్యాప్‌టాప్‌లో నెట్ స్లో. ఒకేలా ఉన్నవి కలిపేసి కొన్ని తీసుకున్నా. పేర్లు వేయట్లేదు, ఊరంతా మీ రౌటర్ సంగతి తెలియాల్సిన పన్లేదు కదా.

ప్రశ్న: అన్నా, నాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 180, 190 వస్తుంది, అదే సోఫాలో కూర్చొని ల్యాప్‌టాప్‌లో పెడితే 38 దాటట్లేదు. వీడియోలు చూసి డీఎన్ఎస్ మార్చినా, గ్రూప్ పాలసీలోకి పోయి నెట్ స్పీడ్‌లో విండోస్ దాచుకుంటదంట కదా ఆ 20 శాతం కూడా తీసేసినా, సీఎండీలో ఏవేవో కొట్టినా, ఏం లాభం లేదు. కస్టమర్ కేర్ వాళ్లేమో 300 ప్లాన్‌కి మారమంటున్నారు. మారాలా? – వర్క్ ఫ్రం హోం ఉద్యోగి, నిజాంపేట్

జవాబు: మారొద్దు తమ్ముడూ. ఫోన్‌కి 190 వస్తుందంటే బయట లైను బాగుంది, రౌటర్ బాగుంది, సోఫా దాకా సిగ్నలూ బాగుంది. సంపు నిండా నీళ్లున్నాయి, మీ బాత్రూం నల్లానే సన్నగా వస్తుంది, దానికి పెద్ద సంపు తవ్విస్తే ఏమొస్తది చెప్పండి.

ముందు ఒకటి చూడండి. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మీ వైఫై పేరుతో ఉన్న ప్రాపర్టీస్ నొక్కి కిందికి జరపండి. నెట్‌వర్క్ బ్యాండ్ అని ఒక లైను, లింక్ స్పీడ్ అని ఒక లైను కనిపిస్తాయి. బ్యాండ్ దగ్గర 2.4 గిగాహెర్ట్జ్, లింక్ స్పీడ్ దగ్గర 72 అని ఉంటే దొంగ దొరికినట్టే. మీ 38 చూస్తుంటే నాకు అదే అనుమానం. ఆ 72 అనేది ల్యాప్‌టాప్, రౌటర్ గాల్లో కుదుర్చుకున్న బేరం, అందులో వంతుల కోసం ఆగడానికి, దారిలో పోయినవి మళ్లీ పంపుకోడానికే బోలెడు పోతుంది, చేతికి మిగిలేది సగం, మహా అయితే ఇంకొంచెం ఎక్కువ.

2.4 బ్యాండ్‌కి గోడలు దాటే దమ్ముంది గానీ గల్లీ ఇరుకు. ఒకదాన్నొకటి రాసుకోకుండా నడిచే ఛానెళ్లు అందులో మూడే, 1, 6, 11. నిజాంపేట్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లో కూర్చొని వైఫై లిస్ట్ తెరిచినా పైవాళ్లవి కిందవాళ్లవి ఎదురింటివి పేర్లు పైనుంచి కిందికి వస్తూనే ఉంటాయి, అవన్నీ ఆ మూడు ఛానెళ్ల మీదే కొట్టుకోవాలి, బ్లూటూత్ కూడా అక్కడే తిరుగుతుంది. 5 గిగాహెర్ట్జ్ అట్లా కాదు, రోడ్డు వెడల్పు, రద్దీ తక్కువ, కాకపోతే గోడ అడ్డమొస్తే నీరసపడిపోతుంది. మీ ఫోన్ 5 పట్టుకుంది, ల్యాప్‌టాప్ 2.4 పట్టుకుని వేలాడుతుంది, తేడా అంతే.

ఇప్పుడొచ్చే రౌటర్లు చాలావరకు రెండు బ్యాండ్లనీ ఒకే పేరుతో చూపిస్తాయి, దేనికి తగులుకోవాలో ల్యాప్‌టాప్ ఇష్టం. రౌటర్ వెనకాలో అడుగునో స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1, అది బ్రౌజర్‌లో కొట్టి లోపలికెళ్లి రెంటికీ వేరువేరు పేర్లు పెట్టేయండి, ల్యాప్‌టాప్‌ని 5 పేరు ఉన్నదానికే కలిపి, 2.4 ది దాంట్లో మర్చిపోయేలా ఫర్గెట్ కొట్టండి. అన్నట్టు వైఫై పేరు చివర 5జీ అని ఉంటే అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని అర్థం, ఇది కూడా చాలామంది అడిగారు.

ఫోన్‌లో ఆ 5 పేరు కనపడుతూ ల్యాప్‌టాప్ లిస్ట్‌లో అసలు లేకపోతే, లోపలున్న వైఫై కార్డుకి 5 చేతకాదని దాదాపు ఖాయం, చవక మోడళ్లలో 2.4 ఒక్కటే వచ్చే కార్డు పెట్టి అమ్మినవి ఇంకా చాలా తిరుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌తో ఏం చేసినా అది మారదు. డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి, సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ సామాన్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే చూపిస్తారు, బాక్స్ మీద డ్యూయల్ బ్యాండ్ అని ఉందో లేదో మీ కళ్లతో చదివి మరీ తీస్కోండి, ఎందుకంటే వేలి గోరంత ఉండే చవక డాంగిళ్లు చాలావరకు 2.4 వే, అది పెడితే మళ్లీ ఇదే ఉత్తరం నాకు రాస్తారు. పెట్టేది యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టండి, చాలా ల్యాప్‌టాప్‌లలో లోపల నీలం రంగు ఉండేది అదే.

డబ్బులు పెట్టేముందు ఇంకో రెండు. ఆఫీస్ వీపీఎన్ ఆన్‌లో పెట్టి టెస్ట్ చేస్తున్నారేమో చూస్కోండి, అప్పుడు మీ డేటా ఆఫీస్ సర్వర్ చుట్టూ తిరిగి రావొచ్చు, అట్లా వస్తే ఆ అంకె మీ ఇంటి నెట్ అంకె కాదు. ఇంకోటి, ఛార్జర్ పీకితే స్లో, పెడితే ఫాస్ట్ అవుతుంటే వైఫై కార్డు బ్యాటరీ ఆదా చేస్తుందని, పవర్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ వైపు జరపండి.

మీరు తీసేసిన ఆ 20 శాతం సంగతి కూడా చెప్పేస్తా, విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి తిరుగుతున్న పుకారు అది. క్యూఓఎస్, అంటే నా డేటాని ముందు పంపు అనే ఏర్పాటు, అడిగే ప్రోగ్రాం ఏదన్నా నిజంగా నడుస్తుంటేనే దానికి లెక్క ఉంటుంది, అది అడగనప్పుడు మొత్తం మీదే, విండోస్ ఏం దాచుకోదు. డీఎన్ఎస్ 8.8.8.8 కో 1.1.1.1 కో మారిస్తే సైట్ మొదటిసారి తెరుచుకోడానికి పట్టే క్షణం కొంచెం తగ్గొచ్చు, అంతవరకే, అది అడ్రస్ వెతికే పుస్తకం, డౌన్‌లోడ్ స్పీడ్‌తో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: సార్, నా ప్లాన్ 100. కానీ సినిమా డౌన్‌లోడ్ పెడితే 11, 12 అనే చూపిస్తుంది. మోసం కదా ఇది? – డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మోసం కాదు, చిన్న బి, పెద్ద బి తేడా. కంపెనీ అమ్మేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ చూపించేది మెగాబైట్లలో, ఒక బైట్‌కి 8 బిట్లు. 100ని 8తో భాగిస్తే 12.5, మీకు 12 వస్తుందంటే మీ అంత బాగా నెట్ వచ్చేవాళ్లు మీ బిల్డింగ్‌లో తక్కువే ఉంటారు. హాయిగా చూస్కోండి, అదేం సినిమానో మాత్రం నేను అడగను.

ప్రశ్న: నాయనా, నేను రిటైర్డ్ టీచర్ని. అబ్బాయి అమెరికాలో ఉంటాడు, సాయంత్రం ఏడున్నరకి వీడియో కాల్ చేస్తాడు, పడగ్గదిలో ల్యాప్‌టాప్‌లో మాట్లాడతాం. రెండు నిమిషాలు బాగుంటుంది, తర్వాత వాడి మొహం నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. హాల్లో కూర్చుంటే కాస్త నయం. కొత్త ల్యాప్‌టాప్ కొనిస్తానంటున్నాడు. – మల్కాజ్‌గిరి

జవాబు: మాస్టారూ, అబ్బాయిని ఆ డబ్బులు పెట్టి ఒకసారి వచ్చి పొమ్మనండి, ల్యాప్‌టాప్ అవసరం లేదు. వీడియో కాల్‌కి బాగా పెద్ద స్పీడేం అక్కర్లేదు, అటూ ఇటూ 3, 4 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే మంచి క్వాలిటీలో నడుస్తుంది. మీకు కావాల్సింది ఆ నిలకడ. హాల్లో నయం అన్నారు చూడండి, మీ జవాబు మీరే సగం చెప్పేశారు.

దీన్ని ఖాయం చేసుకోడానికి ఒక పరీక్ష ఉంది, మీరు పిల్లలకి పెట్టినన్ని పరీక్షల ముందు ఇదెంత. పడగ్గదిలో కూర్చొని స్టార్ట్ నొక్కి సీఎండీ అని ఇంగ్లీషులో కొట్టండి, నల్ల కిటికీ వస్తుంది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి 192.168.1.1 (మీ రౌటర్ స్టిక్కర్ మీద వేరే అడ్రస్ ఉంటే అది) కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి ఒక అడ్డగీత, దాని పక్కనే టీ అక్షరం, ఎంటర్. వరసగా లైన్లు వస్తుంటాయి, ప్రతి లైనులో టైం అని ఉండి పక్కన ఒక అంకె ఎంఎస్ అని ఉంటుంది. అది మీ ల్యాప్‌టాప్ మీ ఇంట్లో రౌటర్‌ని పలకరించి జవాబు తెచ్చుకోడానికి పట్టిన మిల్లీసెకన్లు. 2, 3, 5 అని పోతుంటే మంచిది. మధ్యమధ్యలో 180, 400 అని ఎగురుతున్నా, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తున్నా, గొడవ మీ హాలుకీ పడగ్గదికీ మధ్యలోనే ఉంది, కంపెనీతో పన్లేదు. ఇది శుభ్రంగా ఉండి, అదే పని 8.8.8.8 అంకెతో చేసినప్పుడు మాత్రం ఎగురుతుంటే అప్పుడు గొడవ బయట లైనులో. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. నెట్ స్లో అని ఎవరన్నా నాకు ఫోన్ చేస్తే నేను మొట్టమొదట చేయించేది ఈ రెండు పింగులే, మిగతాదంతా ఆ తర్వాతే.

మా మేనత్త వాళ్లది ఈసీఐఎల్ దగ్గర, ఇట్లాగే పిలిస్తే వెళ్లి రెండు గంటలు డ్రైవర్లు తీసేసి మళ్లీ వేసి, విండోస్ నెట్‌వర్క్ రీసెట్ కొట్టి, చెమటలు పట్టి కూర్చున్నా, పింగ్ కూడా చేయకుండా, అంత తెలివి అప్పట్లో. టీ తాగి వచ్చేసరికి వీడియో స్పష్టంగా నడుస్తుంది. ఏం చేశావత్తా అంటే, చెప్పుల స్టాండ్ దుమ్ము దులుపుదామని అందులో ఉన్న ఆ డబ్బా తీసి టీవీ మీద పెట్టిన్రా అంది. ఫిట్ చేసిన అబ్బాయి ప్లగ్ అక్కడుందని రౌటర్‌ని తీసుకెళ్లి ఇనప చెప్పుల స్టాండ్ అడుగు అరలో పెట్టి పోయాడు, రెండు గంటలు నేను ల్యాప్‌టాప్‌ని తిడుతున్నా.

కాబట్టి మీ రౌటర్ ఎక్కడుందో ఒకసారి చూడండి. నేలమీద కాకుండా ఛాతీ ఎత్తులో, బయటికి, వీలైతే ఇంటి మధ్యలో ఉండాలి. ఇనప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టి, ఇవేవీ మధ్యలో అడ్డం రాకూడదు, ఇనుము సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్లు తాగేస్తాయి. ఇంకో చిన్న అనుమానం, ఏడున్నర అంటే వంటింట్లో మైక్రోవేవ్ నడిచే టైం, అది కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది, కాల్ టైంలో దాన్ని ఆపి చూడండి. అమ్మగారి ఫోన్‌లో ఫొటోలు వాటంతటవే క్లౌడ్‌లోకి ఎక్కుతుంటే వైఫైలో అప్‌లోడ్ అంతా అదే తినేస్తుంది, అప్పుడు మీ అబ్బాయికి మీరే బొమ్మలాగా ఆగిపోయి కనపడతారు. ఆ బ్యాకప్ రాత్రి పడుకున్నాక జరిగేలా చూస్కోండి.

రౌటర్ జరపడం కుదరకపోతే సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకి పంపే రిపీటర్ అమ్ముతారు, కానీ అది సిగ్నల్ లేని పడగ్గదిలో పెడితే దండగ, దానికే అందనప్పుడు మీకేం ఇస్తుంది, హాలుకీ గదికీ సగం దారిలో పెట్టాలి, పెట్టినా చవకవి స్పీడ్‌ని ఇంచుమించు సగం చేస్తాయి. నన్నడిగితే గోడ వారగా ఒక లాన్ కేబుల్ లాగించేయండి, ల్యాప్‌టాప్‌కి పోర్టు లేకపోతే యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. చూడ్డానికి బాలేదని అమ్మగారు ఒప్పుకోకపోవచ్చు, ఆ బాధ్యత మీది.

ప్రశ్న: బ్రో, నేను ఆల్రెడీ లాన్ కేబులే వాడుతున్నా, ప్లాన్ 300, టెస్ట్‌లో కచ్చితంగా 94 వస్తుంది, రోజూ అదే, 93, 94, 94. వైఫైలో అయితే 200 దాటుతుంది. కేబుల్ కంటే వైఫై ఫాస్టా? – కూకట్‌పల్లి

జవాబు: భలే ప్రశ్న, అంకెలోనే జవాబుంది. స్లో అయ్యే నెట్ రోజుకో రకంగా ఉంటుంది, ఇట్లా 94 దగ్గర గోడకి గుద్దుకున్నట్టు ఆగితే అది 100 మెగాబిట్ల లింకు. లాన్ కేబుల్ లోపల నాలుగు జతలు, ఎనిమిది తీగలు ఉంటాయి. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ పట్టాలి, 100కి అక్కర్లేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ విరిగినా, క్లిప్‌లో సరిగా కూర్చోకపోయినా రెండు వైపులా మాట్లాడుకుని చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. ఆ క్లిప్‌ని వెలుతురుకి పెట్టి చూడండి, రంగు తీగలు ఎనిమిదీ చివరి దాకా వచ్చి పసుపు రంగు పళ్ల కింద కనపడాలి, నాకు ఒకసారి గోధుమ రంగుది రెండు మిల్లీమీటర్లు వెనకే ఆగిపోయి దొరికింది. ముందు వేరే కేబుల్, క్యాట్ 5ఈ గానీ 6 గానీ పెట్టి చూడండి. అయినా 94 అంటే పోర్టే పాతది, ల్యాప్‌టాప్‌దో రౌటర్‌దో, కొన్ని చవక రౌటర్లకి వైఫై పెద్దది ఇచ్చి లాన్ పోర్టులు మాత్రం 100వే పెడతారు, ఈ పిసినారితనం నాకు అర్థం కాదు.

ప్రశ్న: అన్నా, అమీర్‌పేట్ హాస్టల్‌లో ఉంటా, కోచింగ్. హాస్టల్ వైఫై పేరుకే, ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ వాడుతా. రోజుకి 2 జీబీ, క్లాస్ మొదలవ్వకముందే మెసేజ్ వస్తది అయిపోయిందని, తర్వాత పేజీ కూడా తెరుచుకోదు. నేనేం చూడలే నిజంగా.

జవాబు: నమ్ముతున్నా తమ్ముడూ, చూసింది నువ్వు కాదు, విండోస్. హాట్‌స్పాట్‌ని కూడా అది వైఫై అనుకుని అప్‌డేట్లు, యాప్ స్టోర్, వన్‌డ్రైవ్ అన్నీ ఒకేసారి మొదలెడుతుంది. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాంట్లో పేజీ తెరుచుకోకపోవడం వింతేం కాదు. హాట్‌స్పాట్‌కి కలిసి ఉన్నప్పుడే వైఫై ప్రాపర్టీస్‌లోకి పోయి మీటర్డ్ కనెక్షన్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్, అప్‌డేట్లు చాలావరకు ఆగిపోతాయి. వన్‌డ్రైవ్‌ని పాజ్ చెయ్. అప్‌డేట్ సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, అది ఇంటర్నెట్‌లో వేరేవాళ్ల కంప్యూటర్లకి నీ డేటాతో అప్‌డేట్ పంచిపెట్టే ఛాన్స్ ఉన్న సెట్టింగు, దాన్నీ ఆఫ్ చెయ్. ఆ తర్వాత కూడా ఎవరు తింటున్నారో తెలియాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి వచ్చే కిటికీలో నెట్‌వర్క్ అని ఉన్న నిలువు వరస పేరు మీద ఒక క్లిక్, తినేవాడు పైకొస్తాడు. అప్పుడప్పుడు ఇంటికెళ్లినప్పుడు మాత్రం మంచి వైఫైలో అప్‌డేట్లు వేస్కో, ఎప్పటికీ ఆపేయొద్దు.

ప్రశ్న: మాది టోలీచౌకి. పగలు స్పీడ్ సూపర్, రాత్రి 8 నుంచి 11 దాకా చచ్చిపోతుంది. కేబుల్ ఆయన్ని అడిగితే "లోడ్ ఉంది భాయ్, మీ ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించుకోండి" అంటున్నాడు. రెండుసార్లు కొట్టించా.

జవాబు: మూడోసారి కొట్టించకండి దయచేసి. విండోస్‌కి గడియారం చూసి రాత్రి ఎనిమిదికి స్లో అవ్వడం రాదు. ఆయన మాటలో మొదటి సగం నిజం, రెండో సగం మిమ్మల్ని వదిలించుకోడం.

ఫైబర్ కనెక్షన్లు చాలావరకు జీపాన్ పద్ధతిలో ఉంటాయి, ఒక పోర్టు నుంచి వచ్చే దాదాపు 2.5 గిగాబిట్లని స్ప్లిటర్ పెట్టి 32, కొన్నిచోట్ల 64 ఇళ్లకి పంచుతారు. అది తప్పేం కాదు, అందరూ ఒకేసారి వాడరు అనే లెక్క. చాలాసార్లు అసలు ఇరుకు ఇంకా పైన ఉంటుంది, లోకల్ ఆపరేటర్ పెద్ద కంపెనీ దగ్గర కొనుక్కున్న లైను చిన్నది, కనెక్షన్లు మాత్రం పెంచుకుంటూ పోయాడు, గల్లీ అంతా అన్నం తిని సీరియళ్లు, రీళ్లు, ఐపీఎల్ పెట్టేసరికి అది నిండిపోతుంది.

మీ పని ఏంటంటే సాక్ష్యం. వైఫై వద్దు, లాన్ కేబుల్ రౌటర్‌కి నేరుగా పెట్టి, ఇంట్లో మిగతా ఫోన్లు ఆపి, మధ్యాహ్నం ఒకసారి రాత్రి తొమ్మిదికి ఒకసారి టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ తీయండి, టైం కనపడాలి, ఒక వారం. టెస్ట్ యాప్‌లో సర్వర్‌ని మీ కంపెనీదే కాకుండా హైదరాబాద్‌లో ఉన్న వేరే కంపెనీది కూడా ఎంచుకోండి, వాళ్ల సొంత సర్వర్‌కి చాలాసార్లు బానే వస్తుంది, ఇంట్లోనే పరుగు పందెం పెట్టుకున్నట్టు. ప్లాన్‌లో ఫెయిర్ యూసేజ్ లిమిట్, అంటే ఇంత డేటా వరకే ఫుల్ స్పీడ్ అనే హద్దు, దాటలేదని కూడా చూస్కోండి, దాటితే వాళ్లు స్పీడ్ తగ్గించడం రూలు ప్రకారమే, కాకపోతే అప్పుడు పగలు కూడా స్లోగానే ఉంటుంది.

ఇంకో సంగతి, రాత్రీ పగలూ తేడా లేకుండా పడిపోతుంటే అది వేరే జబ్బు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక ఊరంతా స్తంభాల మీద కేబుళ్లు కత్తిరించారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది, గుర్తుందా, చాలా గల్లీల్లో రోజుల తరబడి నెట్ లేదు. అట్లా తెగినప్పుడు హడావిడిగా అతికించిన జాయింట్లలో, మెలికపడ్డ వైర్లలో కాంతి కారిపోతుంది. బ్రౌజర్‌లో తెరిచే ఫైబర్ బాక్స్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, మీ దాకా ఎంత కాంతి అందుతుందో చెప్పేది, మైనస్ 20 అటూ ఇటూ ఉంటే హాయి, మైనస్ 27 దాటిందంటే జాయింట్ మళ్లీ వేయమని గట్టిగా అడగొచ్చు. ఆ బాక్స్ మీద ఎల్ఓఎస్ అని ఉన్న లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే ఇంక ఏ టెస్టూ అక్కర్లేదు, లైను తెగినట్టే.

కేబుల్ ఆయనకి చెప్పడం మానేసి, బిల్లు ఎవరి పేరు మీదొస్తుందో ఆ కంపెనీ కస్టమర్ కేర్‌లో కంప్లైంట్ పెట్టి డాకెట్ నంబర్, అదే కంప్లైంట్ నంబర్, తీస్కోండి, నంబర్ ఇవ్వకుండా ఫోన్ పెట్టేయనివ్వకండి. తేల్చకపోతే టెలికాం కంపెనీల మీద పెత్తనం ఉన్న ట్రాయ్ రూల్స్ ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉండాలి, వాళ్ల వెబ్‌సైట్‌లో మెయిల్ ఐడీ ఉంటుంది, ఆ డాకెట్ నంబర్, వారం రోజుల స్క్రీన్‌షాట్లు కలిపి పంపండి. దానికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫార్మాట్ కొట్టించిన రెండు బిల్లులు కూడా దాచిపెట్టండి, ఆయన కొట్టించమన్నది వాట్సాప్‌లో ఉంటే అది కూడా ఒక స్క్రీన్‌షాట్ తీసి జత చేయండి.